‘ట్రెజర్ ఐలండ్’ తొలి పాఠకులు: రెండు తీర్పుల చరిత్ర

బాలసాహిత్యాన్ని గురించిన మన విమర్శలో ‘పిల్లలు దీన్ని ఎంతో ఇష్టంగా చదివారు’ అనే వాక్యం తరచుగా ఎదురవుతుంది. ఆ ఇష్టాన్ని ఎవరు చూశారు, ఎవరు నమోదు చేశారు, ఎన్నేళ్ల తరువాత నమోదు చేశారు అనే ప్రశ్నలు మాత్రం అంత తరచుగా ఎదురుకావు. పెద్దల కోసం వెలువడిన నవల విషయంలో పాఠకాభిప్రాయానికి సమీక్షలు, లేఖలు, వాదవివాదాలు సాక్ష్యంగా నిలుస్తాయి. బాలల నవలకు ఆ సౌకర్యం లేదు. పిల్లవాడు చదువుతాడు, మరొకడికి చెబుతాడు, పెద్దవాడవుతాడు. అతని అభిప్రాయం కాగితం మీదికి వచ్చేసరికి అది పిల్లవాడి అభిప్రాయంగా ఉండదు. ఒక పెద్దవాడి జ్ఞాపకంగా మారిపోతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటానికి అనువైన ఉదాహరణగా రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ (1850–1894) నవల ‘ట్రెజర్ ఐలండ్’ను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు పాఠకులకు ఇది నండూరి రామమోహనరావు అనువాదం ‘కాంచనద్వీపం’గా పరిచితం.

ప్రపంచ బాలసాహిత్యంలో సాహస నవల అనగానే మొదట స్ఫురించే పేర్లలో ఇదొకటి. అయితే ఏ బాలుర కోసం ఇది మొదట అచ్చయిందో ఆ బాలురు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. రెండేళ్ల తరువాత పుస్తకంగా వచ్చినప్పుడు పెద్దలు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. ‘బాలల నవల’ అన్న కీర్తి దీనికి పెద్దల వల్ల లభించింది. ఈ తారుమారు ఎలా జరిగిందన్నదే ఇక్కడి విచారణ.

బ్రేమార్ శ్రోతలు

1881 వేసవి చివర స్టీవెన్సన్ స్కాట్లండు ఎగువ ప్రాంతంలోని బ్రేమార్ గ్రామంలో కుటుంబంతో ఉన్నాడు. విడవని వాన, అనారోగ్యం, ఇంటి పట్టున ఉండక తప్పని పరిస్థితి. భార్య ఫానీ మొదటి వివాహపు కుమారుడు లాయిడ్ ఆస్బోర్న్‌కు అప్పుడు 13 ఏళ్లు. బొమ్మలు గీస్తూ గడిపిన ఒక మధ్యాహ్నం ఒక దీవి పటం తయారయింది. దాన్ని తానే గీశానని స్టీవెన్సన్ 1894లో ‘ఐడ్లర్’ పత్రికకు రాసిన వ్యాసంలో చెప్పుకున్నాడు. మొదలుపెట్టింది తానేనని లాయిడ్ తరువాతి కాలంలో అన్నాడు. ఎవరు గీసినా పటం నుంచే కథ పుట్టిందన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదు.

రోజుకొక అధ్యాయం చొప్పున రాయడం, రాసినది ఇంటిల్లిపాదికీ చదివి వినిపించడం అక్కడి పద్ధతి. నవలలో స్త్రీపాత్రలు ఉండకూడదన్నది లాయిడ్ పెట్టిన షరతు. నాయకుడు జిమ్ తల్లిని మినహాయిస్తే రచయిత ఆ షరతుకు దాదాపు కట్టుబడ్డాడు. ఒక బాల పాఠకుడి అభిప్రాయం నవల నిర్మాణాన్ని నేరుగా శాసించిన అరుదైన సందర్భమిది. అంతకంటె ఆసక్తికరమైనది రచయిత తండ్రి థామస్ స్టీవెన్సన్ ప్రవర్తన. ఆయన దీపస్తంభాల నిర్మాణంలో పేరుపొందిన ఇంజనీరు, అరవై దాటినవాడు, మతవిషయాల్లో పట్టుదల గలవాడు. కొడుకు ఇంజనీరు కాకుండా రచయిత కావడం ఆయనకు చాలాకాలం మింగుడుపడని విషయం. అటువంటి మనిషి ఈ కథ వింటూ అంటుకున్న కట్టెలా రగిలిపోయాడు. బిల్లీ బోన్స్ అనే నావికుడు చనిపోయిన తరువాత అతని పెట్టెలో ఏమేం వస్తువులు దొరికాయో ఒక పొడవాటి పట్టిక తయారుచేసి కొడుకుకు ఇచ్చాడు. ఫ్లింట్ ఓడకు ‘వాల్రస్’ అన్న పేరు కూడా ఆయన సూచించినదే. ఒక పిల్లవాడు వింటాడనుకుంటే ఇద్దరు పిల్లలు దొరికారన్న భావంతో స్టీవెన్సన్ ఆ సంగతి రాసుకున్నాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. అచ్చుకు ముందే ఈ నవలకు రెండు రకాల శ్రోతలు ఏర్పడ్డారు. ఒకరు నిజంగా పిల్లవాడు. మరొకరు వింటున్నంతసేపు పిల్లవాడైన పెద్దమనిషి. తరువాతి చరిత్రలో నవలను నిలబెట్టింది ఈ రెండో రకం పాఠకుడే.

పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు పూర్తయ్యాయి. పదహారో అధ్యాయం ఆరంభంలో కలం ఆగిపోయింది. ఆ తరువాత స్విట్జర్లండులోని డావోస్‌కు చేరాక మళ్లీ రోజుకొక అధ్యాయంగా సాగి నవల ముగిసింది. 34 అధ్యాయాల ఈ నవలలో అంతవరకు కథ చెబుతున్న జిమ్‌ను పక్కన పెట్టి డాక్టర్ లివ్‌సీ కథనం అందుకునేది సరిగ్గా పదహారో అధ్యాయంలోనే. కథకుడు మారడం శిల్పదృష్టితో చేసిన ప్రయోగంగా విమర్శకులు వివరించడం కద్దు. రచయిత ఆగిపోయిన చోటే కథకుడు మారడాన్ని బట్టి అందులో అవసరం పాలు కూడా ఉందని నాకు తోస్తుంది.

వారపత్రిక తీర్పు

బ్రేమార్‌కు అతిథిగా వచ్చిన అలెగ్జాండర్ జాప్ రాతప్రతిని లండన్‌కు తీసుకువెళ్లి ‘యంగ్ ఫోక్స్’ వారపత్రిక అధిపతి జేమ్స్ హెండర్సన్‌కు చూపాడు. ‘సముద్రపు వంటవాడు’ అన్న అర్థంలో రచయిత పెట్టిన పేరు మారి ‘ట్రెజర్ ఐలండ్’ అయింది. 1881 అక్టోబరు 1 నుంచి 1882 జనవరి 28 వరకు అది ధారావాహికగా వెలువడింది. రచయిత పేరు స్టీవెన్సన్ అని వేయలేదు. ‘కెప్టెన్ జార్జ్ నార్త్’ అనే మారుపేరు వేశారు. నౌకాయానం తెలిసిన మనిషి రాశాడన్న భ్రమ కలిగించడం దాని ఉద్దేశం కావచ్చు. అప్పటికే వ్యాసకర్తగా కొంత పేరున్న స్టీవెన్సన్ పిల్లల వారపత్రికలో కనిపించడానికి సంకోచించి ఉండటానికీ అవకాశముంది.

ఈ వారపత్రికల లోకాన్ని కొంత వివరించాలి. 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టం తరువాత ఇంగ్లండులో చదవనేర్చిన పిల్లల సంఖ్య పెరిగింది. అంతకుముందే, 1866లో, ‘బాయ్స్ ఆఫ్ ఇంగ్లండ్’ మొదలయింది. అటువంటి చౌక పత్రికలు పిల్లలను చెడగొడుతున్నాయని భావించిన మతగ్రంథ ప్రచురణ సంఘం 1879లో ‘బాయ్స్ ఓన్ పేపర్’ను ప్రారంభించింది. ‘యంగ్ ఫోక్స్’ ఈ పోటీ నడుమ నిలబడిన పత్రిక. ఇటువంటి పత్రికలో ఒక ధారావాహిక బాగుందా లేదా అన్నది సమీక్షకుడు తేల్చడు. వచ్చే వారం ప్రతులు పెరిగాయా, తరిగాయా అన్న లెక్కే అక్కడి విమర్శ.

ఆ లెక్కలో ‘ట్రెజర్ ఐలండ్’ నెగ్గలేదు. పత్రికలో తన కథ ఎక్కడో మధ్య పేజీల్లో పడి ఎవరి దృష్టినీ ఆకర్షించలేదని స్టీవెన్సన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ పత్రికలో పనిచేసిన రాబర్ట్ లైటన్ తరువాత చేసిన ప్రకటన మరింత నిర్దిష్టంగా ఉంది. ఈ కథ వల్ల పత్రిక అమ్మకం ఏమాత్రం పెరగలేదనీ, అదే మారుపేరుతో 1883 జూన్ నుంచి అక్టోబరు వరకు వెలువడిన ‘బ్లాక్ యారో’ వల్ల వారం వారం వందల ప్రతులు పెరిగాయనీ ఆయన సాక్ష్యం. నేటి విమర్శ ‘బ్లాక్ యారో’ను స్టీవెన్సన్ బలహీన రచనల్లో చేర్చుతుంది. రచయితకూ దానిపై గౌరవం లేదు. పాతకాలపు మాటలను బలవంతంగా పలికించే ఆ ధోరణికి ఒక వెక్కిరింత పేరు తానే సృష్టించి మిత్రుడికి రాశాడు. అయినా బాల పాఠకులు ఎన్నుకున్నది దాన్నే.

బాలుర అభిరుచి తక్కువదని తేల్చి ఊరుకోవడం తేలిక. అంతకంటె, వారు చదివిన విధానాన్ని పునర్నిర్మించుకోవడం ప్రయోజనకరం. పుస్తకంగా చదివే మనకు ‘ట్రెజర్ ఐలండ్’ పరుగెత్తే కథ. కాని నవలలో జిమ్ దీవి మీద అడుగుపెట్టేది పదమూడో అధ్యాయంలో. అంతకు ముందున్న పన్నెండు అధ్యాయాలూ అడ్మిరల్ బెన్‌బో అనే పూటకూళ్ల ఇల్లు, బ్రిస్టల్ రేవు, ఓడ ప్రయాణం. 34 అధ్యాయాలు నాలుగు నెలల్లో వెలువడ్డాయంటే వారానికి సగటున రెండు అధ్యాయాలు. నిధి దీవి అన్న పేరు చూసి పత్రిక కొన్న కుర్రవాడు దీవి మీద కాలు పెట్టడానికి దాదాపు నెలన్నర వేచి ఉండాలి. ఆ నెలన్నరలో అతనికి దొరికినవి ఒక తాగుబోతు నావికుడు, ఒక గుడ్డివాడు, ఒక కాగితం, ఒక యాపిల్ పీపా. వీటిలో ప్రతిదీ గొప్ప దృశ్యమే. యాపిల్ పీపాలో దాగి జిమ్ కుట్ర వినే ఘట్టాన్ని మించిన ఉత్కంఠ సాహసకథల్లో అరుదు. కాని ఆ ఘట్టం పన్నెండో అధ్యాయానికి ముందు పదకొండోది. ‘బ్లాక్ యారో’లో అలా కాదు. ఎక్కడినుంచో వచ్చిన నల్లబాణం కథ ఆరంభంలోనే ఒకరి ప్రాణం తీస్తుంది. పదిహేనో శతాబ్దపు అంతర్యుద్ధం, మగవేషంలో కథానాయిక, అడవి, ముట్టడి అన్నీ వెంటవెంటనే వస్తాయి. వారానికొకసారి చిన్న ముక్కగా చదివే పాఠకుడి కాలానికి ఈ కొలత సరిపోయింది. పాఠకాభిప్రాయం కథను బట్టి మాత్రమే ఏర్పడదు. కథ చేతికందే విధానాన్ని బట్టి కూడా ఏర్పడుతుందనడానికి ఒకే రచయిత, ఒకే పత్రిక, ఒకే మారుపేరుతో వచ్చిన ఈ రెండు రచనలకంటె మంచి నిదర్శనం నాకు కనబడలేదు.

1888లో ‘బ్లాక్ యారో’ పుస్తకానికి రాసిన అంకితంలో స్టీవెన్సన్ ఈ సంగతినే నవ్వుతూ ప్రస్తావించాడు. సంపుటాలు చదివేవారు, కథాపత్రికలు చదివేవారు వేర్వేరు లోకాలవారనీ, ఒక న్యాయస్థానంలో ‘ట్రెజర్ ఐలండ్’కు వ్యతిరేకంగా వచ్చిన తీర్పు మరో న్యాయస్థానంలో తారుమారైందనీ ఆయన భావం. తన పుస్తకాల గురించి ఇంత తటస్థంగా మాట్లాడగలిగిన రచయితలు తక్కువ. ఈ వ్యాస శీర్షికలోని ‘తీర్పు’ ఆయన ఉపమానం నుంచి గ్రహించిందే.

పుస్తకం, పెద్దలు

కాసెల్ సంస్థ 1883 నవంబరులో ఈ నవలను పుస్తకంగా ప్రచురించింది. రచయితకు నూరు పౌన్లు ముట్టాయి. ఏడాదికి రెండువందల పౌన్లు ఎన్నడూ సంపాదించని మనిషికి అది పెద్ద మొత్తం. తల్లిదండ్రులకు రాసిన లేఖలో ఆ సంతోషం దాచుకోలేదు. మొదటి పటం ప్రచురణకర్తలకు చేరే దారిలో పోయింది. కథలోని వివరాలను ఏరి, తండ్రి కార్యాలయంలో మళ్లీ గీయవలసి వచ్చింది. పటం నుంచి పుట్టిన కథ నుంచి తిరిగి పటం పుట్టడం సాహిత్యచరిత్రలో విచిత్రమే. కొత్త పటం తనకు ఎన్నడూ అసలుదిగా అనిపించలేదని స్టీవెన్సన్ అన్నాడు.

పుస్తకం ముందు కొనడానికి తటపటాయిస్తున్న పాఠకుణ్ణి సంబోధిస్తూ ఒక పద్యం ఉంది. అందులో కింగ్‌స్టన్, బాలన్‌టైన్, కూపర్ అనే పాత సాహస రచయితల పేర్లు వస్తాయి. చిన్నప్పుడు వారిని చదివినవాడికే ఆ పేర్లు మనసును కదిలిస్తాయి. అంటే పుస్తకం గుమ్మంలోనే ఆహ్వానం అందుకున్నది ఒకప్పటి పిల్లవాడు. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఆహ్వానానికి స్పందన వెంటనే వచ్చింది. ‘సాటర్డే రివ్యూ’లో డిసెంబరులో పేరు లేకుండా వచ్చిన ప్రశంస విలియం ఎర్నెస్ట్ హెన్లీది. హెన్లీ స్టీవెన్సన్‌కు ప్రాణమిత్రుడు. కాసెల్ సంస్థ పత్రికకు సంపాదకుడిగా ఉంటూ ఈ పుస్తకం అక్కడికి చేరడానికి తోడ్పడినవాడు. వ్యాధి వల్ల ఒక కాలు కోల్పోయిన హెన్లీ ధాటి, గంభీరత చూసే ఒంటికాలి లాంగ్ జాన్ సిల్వర్‌ను సృష్టించానని స్టీవెన్సన్ అతనికే రాశాడు. కథలోని ప్రధాన పాత్రకు మాతృక అయిన మనిషే ఆ కథకు సమీక్షకుడు కావడం నేటి పరిశోధన పత్రికల నియమాలకు నిలిచే పని కాదు. అయినా సమీక్షను మిత్రధర్మంగా కొట్టిపారేయలేం. మిగిలిన పెద్దలూ అదే స్వరంతో మాట్లాడారు. జానపదకథా సంకలనకర్త ఆండ్రూ లాంగ్, ‘టామ్ సాయర్’, ‘ఒడిస్సీ’ తప్ప మరే సాహసకథా తనకు ఇంత నచ్చలేదన్నాడు. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ రాత్రి రెండు గంటల వరకు మేలుకొని చదివాడన్న వార్త ప్రచారంలోకి వచ్చింది. గ్లాడ్‌స్టన్ రాజకీయాలంటే గిట్టని స్టీవెన్సన్, ఆయన దేశపు పనులు చూసుకుంటే మేలని విసుక్కున్నాడని చెబుతారు.

వ్యతిరేకాభిప్రాయం లేకపోలేదు. రైడర్ హాగార్డ్ ఈ నవలను అంత గొప్పగా భావించలేదు. నీకు చేతనైతే దీనిలో సగమంత రచన చేసి చూపమని అన్న పందెం కాశాడనీ, ఆ పందెం ఫలితమే 1885లో వెలువడిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ అనీ ప్రసిద్ధి. ఒక నవల మీది అసంతృప్తి మరో నవలగా పుట్టడం అన్ని సమీక్షలకంటె విలువైన స్పందన.

పెద్దలు ఇంతగా ఆదరించడానికి కారణం నవలలోనే కాక కాలంలోనూ ఉంది. మూడు సంపుటాల కుటుంబ నవలలు, ఫ్రెంచి వాస్తవికతావాదుల ప్రభావంతో సాగుతున్న మనోవిశ్లేషణ నవలలు ఒక వర్గం పాఠకులకు విసుగు పుట్టించాయి. కథ కోసం కథ చదివే ఆనందాన్ని వారు పోగొట్టుకున్న బాల్యంతో ముడిపెట్టుకున్నారు. వారు ‘ట్రెజర్ ఐలండ్’ను పిల్లల పుస్తకమని పొగిడినప్పుడు, అది పిల్లలకు నచ్చుతుందని కాదు, తమను పిల్లలను చేసిందని చెప్పారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరాన్ని బాలసాహిత్య చరిత్రకారులు తరచుగా ఒక్క అడుగులో దాటేస్తారు.

మరి అప్పటి పిల్లల మాట? చార్లెస్ వెల్ష్ 1884లో పాఠశాలల ద్వారా పిల్లల ఇష్టాయిష్టాలు సేకరించాడు. ఎడ్వర్డ్ సాల్మన్ 1888లో ఆ వివరాలను తన గ్రంథంలో ప్రకటించాడు. బాలుర జాబితాలో మొదటి స్థానం డికెన్స్‌ది, తరువాతిది కింగ్‌స్టన్‌ది. స్కాట్, జూల్స్ వెర్న్, మేరియట్ ఆ వెనుక నిలిచారు. ముందువరుసలో స్టీవెన్సన్ లేడు. నిజమే, పుస్తకం వచ్చి అప్పటికి ఏడాదే అయింది. ఇక ఉపాధ్యాయుడి ఎదుట కాగితం నింపే పిల్లవాడు డికెన్స్, స్కాట్ అని రాసి, సంచిలో దాచుకున్న కథాపత్రిక పేరు రాయకుండా ఉండటం సహజం. సంఖ్యలు ఉన్నంత మాత్రాన పిల్లవాడి గొంతు వినబడినట్లు కాదు.

జేమ్స్ ప్రశ్న, వాసన అనే సమాధానం

1884 సెప్టెంబరులో హెన్రీ జేమ్స్ ‘నవలాకళ’ అన్న అర్థం గల ప్రసిద్ధ వ్యాసం రాశాడు. అందులో ‘ట్రెజర్ ఐలండ్’ను ఎడ్మన్ ద గాంకూర్ నవల ‘షెరీ’తో పోల్చాడు. రెండోది ఒక బాలిక అంతరంగ వికాసాన్ని చిత్రించే రచన. మొదటిది తాను తలపెట్టిన దాన్ని అద్భుతంగా సాధించిందనీ, రెండోది విఫలమైందనీ జేమ్స్ నిర్ణయం. అయితే ఒక మెలిక పెట్టాడు. తాను బాల్యం గడిపాడు కనుక ‘షెరీ’లోని చిత్రణ నిజమో కాదో చెప్పగలడు, నిధి వెదుకులాటకు ఎన్నడూ వెళ్లలేదు కనుక ‘ట్రెజర్ ఐలండ్’తో అలా వాదించలేడు. డిసెంబరులో స్టీవెన్సన్ ఇచ్చిన జవాబు సుప్రసిద్ధం. నిధి వేటకు వెళ్లలేదంటే జేమ్స్‌కు బాల్యమే లేదని అర్థమన్నాడు. బంగారం వెదకని, ఓడదొంగ కాని, ప్రాణాపాయం నుంచి తప్పించుకోని పిల్లవాడు ఎక్కడున్నాడని ఎదురు ప్రశ్నించాడు. ఈ వాగ్వాదంతో ఇద్దరూ శత్రువులు కాలేదు సరికదా, జీవితాంతం నిలిచిన స్నేహం ఏర్పడింది.

ఆంగ్ల విమర్శ దీన్ని వాస్తవికతకూ కల్పనకూ జరిగిన వివాదంగా చదువుతుంది. మన అలంకారశాస్త్ర పరిభాషలో చూస్తే ఇది మరోలా కనిపిస్తుంది. రసాస్వాదానికి లౌకికానుభవం ఉండి తీరాలా, సంస్కారరూపంలో నిలిచిన వాసన చాలునా అన్నది అసలు ప్రశ్న. వాసన లేని సభ్యులు రంగశాలలోని కొయ్యలతో, గోడలతో, రాళ్లతో సమానమన్న ధర్మదత్తుడి మాటను విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో ఉదాహరించాడు. స్టీవెన్సన్ చెప్పిందీ అదే. నిధివేట ఎవరికీ లౌకికానుభవం కాదు, బాల్యక్రీడల్లో అందరికీ కలిగిన సంస్కారం. నవల ఆ సంస్కారాన్ని మేల్కొలుపుతుంది.

ఈ సిద్ధాంతం మొదటి భాగంలోని చిక్కును కూడా కొంత విప్పుతుంది. వాసన అంటే పూర్వానుభవపు శేషం. ఆట వదిలి ఎన్నో ఏళ్లయిన పెద్దవాడిలో అది వాసనగా ఉంటుంది. ఇంకా ఆటలోనే ఉన్న కుర్రవాడికి అది నిత్యకృత్యం. నిన్న సాయంత్రం పెరట్లో ఓడదొంగ అయినవాడు కథలో వెదికేది బాల్యాన్ని కాదు, తరువాతి దెబ్బను. స్టీవెన్సన్ సమాధానం పెద్దల ఆస్వాదాన్ని వివరించినంత బాగా పిల్లల ఆస్వాదాన్ని వివరించదని నా అభిప్రాయం. అందుకు ‘యంగ్ ఫోక్స్’ పాఠకులే సాక్షులు.

తెలుగులో

నండూరి రామమోహనరావు (1927–2011) ‘ఆంధ్ర వారపత్రిక’లో పనిచేసినవారు, తరువాత ‘ఆంధ్రజ్యోతి’ దినపత్రిక సంపాదకులు. మార్క్ ట్వేన్ నుంచి ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’, ‘రాజు-పేద’ వంటివి, స్టీవెన్సన్ నుంచి ‘కాంచనద్వీపం’ తెలుగులోకి తెచ్చారు. ఆండ్రూ లాంగ్ ఒకే వాక్యంలో జతచేసిన ‘టామ్ సాయర్’, ‘ట్రెజర్ ఐలండ్’ తెలుగులోనూ ఒకే చేతిమీదుగా రావడం ముచ్చటైన సంగతి.

పేరులోనే తెలుగు పాఠకుడి అపేక్ష పనిచేసింది. మూలంలోని పదానికి నేరైన మాట ‘నిధి’. ‘నిధి ద్వీపం’ అంటే అర్థం సరిపోతుంది, చెవికి ఇంపు ఉండదు. ‘కాంచనద్వీపం’ అనగానే పాఠకుడు కాశీమజిలీ కథల లోకంలోకి అడుగుపెడతాడు. మన కథల్లో పాతర ధనానికి ఒక వ్యాకరణం ఉంది. లంకెబిందెలుంటాయి, వాటికి పాము గాని భూతం గాని కాపలా ఉంటుంది, అంజనం వేసి చూసేవాడుంటాడు, బలి అడుగుతుంది. ఈ సంస్కారంతో వచ్చిన పాఠకుడికి నవల చివరి భాగం మరింత ఆప్తంగా తోస్తుంది. నిధివైపు చేతులు చాచి పడుకున్న అస్థిపంజరం, చెట్లమధ్య నుంచి వినబడే చచ్చిన ఫ్లింట్ గొంతు మనకు కొత్తవి కావు. కొత్తదల్లా సిల్వర్ తర్కం. దయ్యానికి నీడ ఉండదు, మరి దీని మాటకు ప్రతిధ్వని ఎందుకుందని అతడు అడుగుతాడు. దయ్యాన్ని మంత్రంతో కాక హేతువుతో ఓడించే దుష్టపాత్ర మన జానపదంలో అరుదు. అంతకంటె అరుదు, ఆ దుష్టుడు శిక్ష పడకుండా కొంత సొమ్ముతో తప్పించుకుపోవడం, కథకుడైన పిల్లవాడు అందుకు లోలోపల సంతోషించడం.

‘కాంచనద్వీపం’ గురించి తెలుగులో నేడు మనకు వినిపించేవి దాదాపు అన్నీ పెద్దల జ్ఞాపకాలే. చిన్నప్పుడు చదివాం, నిద్ర పట్టలేదు, చిలుక అరుపు చెవుల్లో మారుమోగింది అన్న తరహా మాటలు. అవి అబద్ధాలని అనను. కాని అవి గ్లాడ్‌స్టన్ సాక్ష్యం కోవలోనివి, లాయిడ్ సాక్ష్యం కోవలోనివి కావు. దీనికి తోడు మన దేశపు పాఠశాలల్లో సంక్షిప్త ఆంగ్ల రూపంలో ఉపవాచకంగా చదివిన తరాలున్నాయి. సిల్వర్ స్వభావాన్ని వివరించమన్న పరీక్ష ప్రశ్నకు రాసిన జవాబును పాఠకాభిప్రాయంగా లెక్కించవచ్చునా అన్నది వేరే చర్చ. నేనైతే లెక్కించను.

ఈ చరిత్రతో పోల్చదగిన తెలుగు సందర్భం ‘చందమామ’లో ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలు 1950ల నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు నెలనెలా పిల్లలను ఎదురుచూసేలా చేశాయి. కెప్టెన్ జార్జ్ నార్త్‌కు మారుపేరైనా ఉంది. దాసరికి అదీ లేదు, ధారావాహికపై రచయిత పేరే ఉండేది కాదు. చిత్రా బొమ్మలు పోల్చుకోగలిగిన పిల్లలకు రచయిత ఎవరో తెలియదు. ఇక్కడ తీర్పులు స్టీవెన్సన్ ఉదంతానికి వ్యతిరేక దిశలో నడిచాయి. పత్రిక చదివే పిల్లల న్యాయస్థానంలో నెగ్గిన రచనలు, సంపుటాలు చదివే పెద్దల న్యాయస్థానంలో చాలాకాలం విచారణకే రాలేదు. అదే పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు నవలలపై మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనతో పోలిస్తే, ఆ పత్రికలోని ఈ సాహస నవలలపై జరిగింది స్వల్పం. అవి పుస్తకాలుగా రావడానికి ఆనాటి పిల్లలు పెద్దవాళ్లయి అడగవలసి వచ్చింది.

అటువంటి రచనలకు బాల పాఠకుల సమకాలిక సాక్ష్యం ఎక్కడ వెదకాలన్న ప్రశ్నకు జ్ఞాపకాల వ్యాసాలు ఒక్కటే సమాధానం కానక్కరలేదు. గ్రామ గ్రంథాలయాల ఎరువు పుస్తకాలు, చేతులు మారి నలిగిన ప్రతుల అంచులు, పేజీల మీది పెన్సిలు గీతలు కూడా అభిప్రాయాలే. అన్నిటికంటె నమ్మదగినవి ఇళ్లల్లో కుట్టించుకున్న సంపుటాలని నాకు తోస్తుంది. సంచికల నుంచి ఒక ధారావాహిక పేజీలను మాత్రమే విడదీసి, వరుసగా పేర్చి, అట్టవేయించి దాచుకోవడం తెలుగు ఇళ్లలో ఒకప్పుడు మామూలు. ఏ ధారావాహికకు ఆ మర్యాద దక్కింది, దేనికి దక్కలేదు అన్నది ఎవరూ అడగకుండా పిల్లలు చెప్పిన మాట. వెన్ను మీద కథపేరు ఉంటుంది, యజమాని పేరు ఉంటుంది. రచయిత పేరుకు చోటు ఖాళీ. రాసినవారికి ఆ పేరు తెలియదు.